కారం చేతులు

పండుమిరపకాయల ముచ్చికలు తీసేటప్పుడు ముఖం మీద చెయ్యి పెట్టకూడదని మా సింగరాయకొండలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ముక్కు దురద పెడితే భుజంతో రుద్దుకుంటాం. వెంట్రుక కంట్లో పడితే పిల్లల్ని కేకేస్తాం. ఇదంతా ఏడాదికి నాలుగు రోజులు. మిగతా రోజులన్నీ నా చూపుడువేలు గడ్డం కిందే తిరిగేది, కొత్తది ఎక్కడ పొడుచుకొస్తోందా అని.

నాకిప్పుడు 38. "ఏందమ్మాయ్, ఈ వయసులో మొటిమలు? వేడి చేసిందా?" అని పక్కింటి పిన్ని మెంతుల మజ్జిగ ఇచ్చింది. మజ్జిగా బాగుంది, మొటిమలూ బాగున్నాయి. తర్వాత నింద ఊరగాయ మీద పడింది. కారం తింటే మొటిమలొస్తాయనడానికి గట్టి రుజువు లేదు. ఉంటే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో నున్నటి ముఖం ఒక్కటి మిగిలేదా?

సుశ్రుతుడు వీటిని ముఖదూషికలన్నాడు, బూరుగు ముళ్ళతో పోల్చాడు. బూరుగు మాను తడిమి చూసినవాళ్ళకి ఆ పోలిక ఎంత సరైనదో తెలుస్తుంది: అడుగు వెడల్పు, కొన సూది. కాకపోతే ఆయన కూడా పడుచువాళ్ళ జబ్బనే రాశాడు. 25 దాటాక కూడా వస్తాయి, అదీ ఎక్కువగా ఆడవాళ్ళకి. పదహారేళ్ళప్పుడు నుదుటి మీదా ముక్కు మీదా కూర్చున్నవి ఇప్పుడు దవడ అంచుకి దిగాయి. నెలసరికి వారం ముందు లోపల ముద్దలా సలుపుతాయి.

నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. ఒక మందుల షాపులో అడిగితే చిన్న ట్యూబు ఇచ్చారు. వారంలో ముఖం తెల్లగా, నున్నగా అయింది. ఆపిన నాలుగో రోజుకి ఎర్రబడి, రెట్టింపు లేచాయి. అందులో స్టెరాయిడ్ ఉందట. ఇలాంటి 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ మీదే అమ్మాలని కేంద్రం 2018లో నిబంధన తెచ్చింది. నేను చీటీ అడగలేదు, వాళ్ళూ అడగలేదు.

చివరికి ఒంగోలు వెళ్ళి చర్మం డాక్టరమ్మకి చూపించుకున్నాను. నెలసరి సరిగ్గా వస్తోందా, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతున్నాయా అని ముందు అడిగింది. ఆ తేడాలుంటే పీసీఓఎస్ ఉందేమో చూడాలట. పిల్లల కోసం చూస్తున్నావా అని రెండుసార్లు అడిగింది, ఎందుకంటే మొటిమల మందుల్లో కొన్ని కడుపుతో ఉన్నవాళ్ళు వాడకూడదు. నూనె గ్రంథి నోరు మూసుకుపోయి, లోపల క్రిములు పెరిగి వాచిపోతుందని, సబ్బేసి ఎంత తోమినా అక్కడికి చేరదని చెప్పింది. రాత్రికి అడపలీన్, ముఖమంతటికీ కలిపి శనగగింజంత. పొద్దున బెంజాయిల్ పెరాక్సైడ్, ఆపైన సన్‌స్క్రీన్. కొన్ని వారాలు డాక్సీసైక్లిన్ మాత్ర, గ్లాసుడు నీళ్ళతో, వేసుకున్న వెంటనే నడుం వాల్చకుండా.

ఆ మాత్ర వంశం మనకి కొత్తది కాదు. టెట్రాసైక్లిన్లలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. దాన్ని లెడర్లే మందుల కంపెనీలో కనుగొన్నది డగ్గర్. అప్పుడు అక్కడ పరిశోధనలు నడిపిస్తున్నది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. నా దవడ దాకా ఆయన చెయ్యి వచ్చిందనుకుంటే ఎందుకో ధైర్యంగా ఉండేది.

గుణం కనిపించడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. మొదటి మూడు వారాలు చర్మం పొట్టు రేగింది, మొటిమలు ఇంకొన్ని పెరిగాయి. మానేద్దామనిపించింది. ఆరో వారంలో నా ఎర్ర దిండుగలీబు మీద బుగ్గ ఆనే చోట తెల్లటి మచ్చలు పడ్డాయి, సున్నం చల్లినట్టు. బెంజాయిల్ పెరాక్సైడ్ బట్టల రంగు తినేస్తుందని అప్పుడు తెలిసింది. ముఖం మీద మాత్రం అప్పటికింకా నల్ల మచ్చలే. మన ఒంటి రంగుకి అవి నెలల తరబడి ఉంటాయి, గిల్లితే ఇంకా ముదురుతాయి. మందు రాయడం ఎంతసేపు, ఒక్క నిమిషం. చేతుల్ని ఆపుకోవడమే రోజంతా పని.

మొన్న పిన్నీ నేనూ కూర్చుని మిరపకాయల ముచ్చికలు తీస్తున్నాం. "ఇదిగో, ఇక్కడొకటి పండింది, ఉండు తీసేస్తా" అంటూ నా గడ్డం వైపు చెయ్యి చాచింది. సగంలో ఆగి తన వేళ్ళకేసి చూసుకుని, "కారం చేతులమ్మాయ్" అని మళ్ళీ గంపలో పెట్టింది.