‘పెర్మాఫ్రాస్ట్’: అలాస్కా విద్యార్థి సాహిత్య పత్రిక – స్థలం, స్మృతి, సంపాదకత్వం

వ్యాససంగ్రహం:
అమెరికాలోని అలాస్కా విశ్వవిద్యాలయం, ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి 1977లో మొదలైన సాహిత్య పత్రిక ‘పెర్మాఫ్రాస్ట్’. సృజనాత్మక రచనలో స్నాతకోత్తర విద్య అభ్యసించే విద్యార్థులే దీని సంపాదకులు. ఉత్తరపు కొసన వెలువడే సాహిత్య పత్రికగా ఇది తనను తాను ప్రకటించుకొంటుంది. ఈ ప్రకటనకు ఉన్న సాహిత్యపరమైన అర్థమేమిటి, తరచుగా మారిపోయే విద్యార్థి సంపాదకవర్గం ఒక ప్రాంతపు స్మృతిని ఎలా నిలపగలదు అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అలాస్కా, పెర్మాఫ్రాస్ట్, విద్యార్థి పత్రిక, సంపాదకత్వం, ప్రాంతీయత, ఆదివాసీ భాషలు.

1. ఉపోద్ఘాతం:
విశ్వవిద్యాలయ సాహిత్య పత్రిక విద్యార్థికి శిక్షణశాల, కొత్త రచయితకు వేదిక. అది మారుమూల ప్రాంతం నుంచి వెలువడితే మూడో బాధ్యత కూడా వచ్చి చేరుతుంది: ఆ ప్రాంతం పేరు మీద మాట్లాడే బాధ్యత. మొదటి రెండూ పత్రిక కోరి చేపట్టే పనులు. మూడోది మాత్రం అది తన చిరునామాను గుర్తింపుగా వాడుకొన్న క్షణం నుంచే దాన్ని వెంబడిస్తుంది. ‘పెర్మాఫ్రాస్ట్’ను పరిశీలించదగిన పత్రికగా నిలబెట్టేది ఈ మూడో బాధ్యతే.

2. పేరులోని అర్థం:
కనీసం రెండేళ్ళపాటు ఎడతెగక గడ్డకట్టి ఉండే నేలను పెర్మాఫ్రాస్ట్ అంటారు. భూవిజ్ఞాని సీమన్ ముల్లర్ 1943లో ఈ మాటను ప్రవేశపెట్టాడు. పేరులో శాశ్వతత్వం ధ్వనించినా నిర్వచనం అడిగేది రెండేళ్ళే. ఈ నేల పైభాగాన మరొక పొర ఉంటుంది. అది ప్రతి వేసవిలో కరిగి, ప్రతి శీతకాలంలో మళ్ళీ గడ్డకడుతుంది. దాన్ని క్రియాశీల పొర అంటారు. మొక్కలు వేరూనేది అందులోనే. అడుగున ఉన్న నేల కరిగితే మాత్రం చెట్లు ఒరుగుతాయి, రోడ్లు కుంగుతాయి, ఇళ్ళ పునాదులు పక్కకు వాలుతాయి. ఫెయిర్‌బ్యాంక్స్ పరిసరాల్లో ఈ నేల అక్కడక్కడ ఉండి, అక్కడక్కడ లేకుండా విస్తరించింది. అందువల్ల అక్కడ ఇల్లు కట్టేవారు ముందుగా తెలుసుకోవలసింది కాళ్ళ కింద ఏముందన్నదే.

పత్రిక నిర్మాణానికి ఈ పేరు ఉద్దేశించినదానికన్నా ఎక్కువగా సరిపోతుంది. విద్యార్థి సంపాదకులు క్రియాశీల పొర వంటివారు. వస్తారు, చదువుతారు, ఎంపిక చేస్తారు, పట్టా పుచ్చుకొని వెళ్ళిపోతారు. పత్రికకు జీవం వారి నుంచే వస్తుంది. అయితే పత్రికను నిలబెట్టవలసిన అడుగు నేల ఏది అన్నది అసలు ప్రశ్న.

3. ‘ఉత్తరపు కొస’ అనే ప్రకటన:
ఫెయిర్‌బ్యాంక్స్ సుమారు 65 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. డిసెంబరు చివర అక్కడ పగలు 4 గంటలు కూడా ఉండదు. పాఠకులపై ఈ వివరాల ఆకర్షణ సహజం. కాని నార్వేలోని ట్రోమ్సో విశ్వవిద్యాలయ నగరం దీనికన్నా దాదాపు 5 డిగ్రీలు ఉత్తరాన ఉంది. కనుక ‘ఉత్తరపు కొస’ అన్నది అమెరికా పటాన్ని ముందు పెట్టుకొని చేసిన లెక్క. ఇది తప్పు పట్టవలసిన అతిశయోక్తి కాకపోయినా, ఆ ప్రకటన ఎవరిని ఉద్దేశించిందో చెబుతుంది. దక్షిణాన ఉన్న 48 రాష్ట్రాల పాఠకుడికి తన దూరాన్ని పరిచయం చేసే మాట అది.

ఉత్తరాన్ని దక్షిణపు పాఠకుడి కోసం రాయడం కొత్తది కాదు. జాక్ లండన్ క్లోండైక్ బంగారు వేటకు 1897లో వెళ్ళి, మరుసటి ఏడాదే తిరిగివచ్చాడు. ఆ అనుభవం నుంచి వచ్చిన ‘ది కాల్ ఆఫ్ ది వైల్డ్’ (1903) లోకం మనసులో ఉత్తరానికి మంచు, కుక్కల బండి, ఒంటరి మగవాడి సాహసం అనే రూపాన్ని స్థిరపరచింది. అలాస్కావాసులు తమ రాష్ట్రం కాని ప్రదేశమంతటినీ ‘అవుట్‌సైడ్’ అంటారు. లండన్ రచన ఆ ‘అవుట్‌సైడ్’ చూపుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఉత్తరం నుంచి వెలువడే పత్రిక ఆ చూపునే తిరిగి అచ్చువేస్తే చిరునామా మారినా దృక్పథం మారినట్లు కాదు.

4. సంపాదకుడి కాలం, స్థలపు కాలం:
స్థలాన్ని తెలుసుకోవడానికి ఎంత కాలం పడుతుంది అన్న ప్రశ్నకు కవి జాన్ హైన్స్ జీవితం ఒక సమాధానం. వర్జీనియాలో పుట్టిన ఆయన 1947లో అలాస్కా వచ్చి, ఫెయిర్‌బ్యాంక్స్‌కు ఆగ్నేయంగా రిచర్డ్‌సన్ రహదారి పక్కన స్థిరపడి, వేట మీద, తోట మీద ఆధారపడి బతికాడు. తొలి కవితాసంపుటి ‘వింటర్ న్యూస్’ వెలువడింది 1966లో. రాకకూ పుస్తకానికీ మధ్య 19 ఏళ్ళు. పుట్టుక స్థలజ్ఞానానికి షరతు కాదనీ, ఓపిక మాత్రం తప్పదనీ ఈ వ్యవధి సూచిస్తుంది.

విద్యార్థి సంపాదకుడికి అంత వ్యవధి లేదు. బయటి రాష్ట్రం నుంచి వచ్చినవాడైతే మూడో శీతకాలం ముగిసేసరికి మూట కట్టుకోవలసిందే. ఈ పరిమితిలో ఒక మేలు కూడా ఉంది. ఒకే సంపాదకుడి అభిరుచి దశాబ్దాల తరబడి ముఠాగా గడ్డకట్టే ప్రమాదం విద్యార్థి పత్రికకు తక్కువ. కాని ప్రతి కొత్త వర్గమూ మొదటినుంచి మొదలుపెడితే, దానికి తొలుత తోచేది అందరికీ తోచే మంచు, చీకటి, ధ్రువకాంతులే. కాబట్టి వ్యక్తికి లేని వ్యవధిని సంస్థ సమకూర్చాలి. పాత సంచికలను చదవడం సంపాదక శిక్షణలో భాగం కావడం, ఎంపిక కారణాలను తరువాతి వర్గానికి రాసి అప్పగించడం, స్థానిక రచయితలతో సంబంధాలను వ్యక్తిగత పరిచయాలుగా కాక పత్రిక సంబంధాలుగా నిలుపుకోవడం ఇందుకు మార్గాలు. అలాస్కా విశ్వవిద్యాలయ ముద్రణాలయంతో కలిసి ఇచ్చిన పుస్తక పురస్కారం ఈ దిశలో చెప్పుకోదగినది. సంచిక మరుగున పడినా పుస్తకం గ్రంథాలయంలో మిగులుతుంది.

5. భాషల ప్రశ్న:
విశ్వవిద్యాలయం నిలిచిన కొండను దిగువ తనానా ప్రజలు ‘ట్రోత్ యెద్ధా’ అంటారు. అడవి దుంపలు దొరికే గట్టు అని దాని అర్థం. ఆ కొండ మీదనే 1972లో అలాస్కా ఆదివాసీ భాషల కేంద్రం ఏర్పడింది. 2014లో రాష్ట్రం 20 ఆదివాసీ భాషలకు అధికార భాషల గుర్తింపునిచ్చింది. అంతకు ఆరేళ్ళ ముందే, 2008లో, ఎయాక్ మాతృభాషగా గల చివరి వ్యక్తి కన్నుమూసింది. అంటే ఆంగ్ల సాహిత్య పత్రిక నడిచే ప్రాంగణంలోనే ఆ నేల భాషల నమోదు కూడా సాగుతోంది.

ఈ రెంటినీ కలిపి చూడడానికి నోరా మార్క్స్ డావెన్‌హావర్, రిచర్డ్ డావెన్‌హావర్ దంపతులు 1987లో ప్రచురించిన ‘హా షుకా’ ఒక కొలమానం. త్లింగిట్ మౌఖిక కథనాలను ఒక పుటలో మూలభాషలోను, ఎదుటి పుటలో ఆంగ్లంలోను అచ్చువేశారు. చెప్పినవారి పేర్లను, జీవితాలను నమోదు చేశారు. వారి ఊపిరి విరామాలను పంక్తి విరుపులుగా నిలిపారు. కథను ‘జానపదం’ అని పేరులేనిదిగా చేయక, కర్త ఉన్న సాహిత్యంగా నిలబెట్టిన సంపాదకత్వం అది. ఉత్తరం పేరుతో వెలువడే ఏ పత్రికనైనా ఈ కొలమానంతో అంచనా వేయడం న్యాయం. అచ్చైన రచనల్లో ఎన్ని అలాస్కాను వర్ణించాయన్న లెక్క కన్నా, ఆ నేల మాటను దాని మాటగానే వినగల సంపాదక శ్రవణం ఉందా అన్నది ముఖ్యం.

6. ఆర్థిక ఆధారం:
సంస్థాగత స్మృతికి నిధులు కావాలి. 2019లో రాష్ట్ర గవర్నరు అలాస్కా విశ్వవిద్యాలయ నిధుల్లో సుమారు 13 కోట్ల డాలర్లకు కోత పెట్టాడు. తరువాతి ఒప్పందంలో అది మూడేళ్ళలో 7 కోట్లకు తగ్గింది. ఇటువంటి వేళ సాహిత్య పత్రిక అనవసర వ్యయంగా కనబడడం తేలిక. జీతం లేని విద్యార్థి శ్రమ పత్రికను చవకగా నడపగలదు. కాని ఆ చవకతనాన్నే బలంగా భావిస్తే, నిలకడకు అవసరమైన ఖర్చు ఎన్నటికీ పద్దులోకి రాదు.

7. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:
1. ‘ఉత్తరపు కొస’ అన్నది భౌగోళిక ప్రకటన మాత్రమే. ఎంపికలోని వివేకమే దాన్ని సాహిత్య విలువగా మార్చగలదు.
2. సంపాదకవర్గం తరచుగా మారడం పత్రికకు తాజాదనాన్ని, విస్మృతిని ఒకేసారి తెస్తుంది. రాసి అప్పగించే సంప్రదాయం ఉంటేనే మొదటిది మిగిలి రెండోది తగ్గుతుంది.
3. బయటినుంచి వచ్చినవారు ప్రాంతాన్ని రాయగలరు, కాని త్వరపడి కాదు. ఆ ఓపికను విద్యార్థికి పత్రిక అందించాలి.
4. ఆదివాసీ భాషల పట్ల వైఖరి ఇటువంటి పత్రికకు అనుబంధ విషయం కాదు. పత్రిక చెప్పుకొనే స్థలానికి ఆ భాషలే మొదటి పేర్లు పెట్టాయి కనుక, దాని సంపాదకత్వానికి అది ప్రధాన పరీక్ష.