అన్నీ చూసేవాడికి హద్దు

నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోయించిన హైదరాబాద్ గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోనే స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ప్రధాన కార్యాలయం 2017 విలీనం దాకా నడిచింది. అలాంటి బ్యాంకులోనైనా, మరోచోటైనా, డబ్బు లెక్కలున్న ఏ సర్వర్‌కైనా పర్యవేక్షక డీమన్ (తెరవెనక నడుస్తూ కాపు కాసే ప్రోగ్రామ్) ఉండాల్సిందే. కానీ అన్నీ చూసే ఆ ప్రోగ్రామే దొంగల చేతికి చిక్కితే?

ఏ ప్రోగ్రామ్ దేన్ని తాకవచ్చో లినక్స్‌లో కట్టడి చేసే ఎస్‌ఈలినక్స్‌కు పాలసీ రాసేవాళ్ల పనితనం ఇక్కడే. డీమన్‌కు సొంత డొమైన్ ఇచ్చి, సిస్టమ్ స్థితి చూపే ప్రాక్‌లోని లెక్కలు చదవనిస్తారు. పాస్‌వర్డ్ హ్యాష్‌లుండే షాడో ఫైలు జోలికి మాత్రం, అది రూట్‌గా నడిచినా, పోనివ్వరు. ముందు దేన్నీ ఆపకుండా లాగ్‌లో రాసి ఊరుకునే పర్మిసివ్ మోడ్‌లో నడిపి, ఆడిట్ లాగ్‌లోని ప్రతి నిరాకరణనూ చదువుతారు. ఆ నిరాకరణల నుంచి అనుమతి నియమాలు తయారుచేసే ఆడిట్‌టుఅలౌ రాసిచ్చిందల్లా ఒప్పుకోవడం బద్ధకం (ఎస్‌ఈలినక్స్‌నే ఆపేసే మహానుభావుల సంగతి సరేసరి). నేర్పరి ఒక్కో అనుమతినీ నిలదీస్తాడు: డిస్కు ఎంత నిండిందో చెప్పడానికి ఫైళ్లు తెరవడం దేనికి? ఫైల్‌సిస్టమ్‌పై వివరాలు మాత్రమే అడగనిచ్చే గెట్‌అట్ర్ అనుమతి చాలు.