అనువాద యంత్రమూ, సామాన్యుని సందేహమూ

చెప్పేవాడికి వినేవాడు లోకువ అని సామెత. కొత్త ఔషధాన్ని గురించి గాని, కొత్త యంత్రాన్ని గురించి గాని ఘనమైన ప్రకటన వెలువడినప్పుడు రచ్చబండ మీద కూర్చున్న సామాన్యుడు మొదట అనే మాట ఇంచుమించు ఈ అర్థంలోనే ఉంటుంది. విద్యావంతులు ఈ సందేహాన్ని అజ్ఞానం కింద జమకట్టడం పరిపాటి. నిజానికి అందులో విమర్శకు బీజం ఉన్నది. చెప్పినవాడెవడు, చెప్పినందువల్ల అతనికి కలిగే లాభమేమి, చెప్పినదానిని పరీక్షించి చూచినవారెవరు అనే మూడు ప్రశ్నలు ఆ చిన్న సామెతలో అణిగి ఉన్నవి. ఐతే బీజం ఫలం కాదు. సందేహం పరీక్షగా పరిణమించకపోతే వెక్కిరింతగానే మిగిలిపోతుంది. వెక్కిరింతకు గురి అయిన యంత్రానికి నష్టం లేదు. వెక్కిరించి ఊరుకున్న సాహిత్యానికి నష్టం ఉన్నది. రచయితలకు మిక్కిలి సన్నిహితమైన యాంత్రికానువాదాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ సంగతిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విషయం మనకు దూరపుది కాదు. గూగుల్ అనువాద సేవలో 2011లోనే తెలుగు చేరింది. 2022లో భారత ప్రభుత్వం భాషల మధ్య యాంత్రికానువాదం కోసం ‘భాషిణి’ని ప్రారంభించింది. ఇప్పుడు అనువాదకుని పిలిచి, అనువదించమని కాక, యంత్రం తయారుచేసిన ప్రతిని దిద్దిపెట్టమని అడగటం పెరుగుతున్నది. దిద్దుబాటుకు ముట్టే ప్రతిఫలం అనువాదానికి ముట్టేదానికంటె తక్కువగా ఉండటం ఈ వృత్తిలో ఉన్నవారికి తెలిసినదే. కాబట్టి యంత్రం ఎంత బాగా అనువదిస్తుంది అన్న ప్రశ్న కేవలం శాస్త్రజ్ఞుల ప్రశ్న కాదు. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు మీద కొందరి జీవనం, రేపటి పాఠకుడు చదువబోయే తెలుగు స్వరూపం ఆధారపడి ఉన్నవి.

చరిత్రను కొంచెం తరచి చూద్దాం. 1949లో అమెరికను శాస్త్రవేత్త వారెన్ వీవర్ ఒక పత్రం వ్రాసి తన సహచరులకు పంపాడు. యుద్ధకాలంలో శత్రువుల రహస్యలిపిని ఛేదించిన పద్ధతిలోనే పరభాషా గ్రంథాన్ని కూడా ఛేదించవచ్చునన్నది అందులోని ఊహ. అంతకు రెండేళ్ల ముందు, 1947లో, ఈ ఊహనే నోర్బర్ట్ వీనర్‌కు తెలియజేస్తే, వేర్వేరు భాషలలోని పదాలకు అర్థపు ఎల్లలు అంత స్పష్టంగా ఉండవని ఆయన అనుమానం వెలిబుచ్చాడు. గణితంలో ఉద్దండుడైన వీనర్‌కు కలిగిన అనుమానమూ, రెండు భాషలు వచ్చిన ఏ బడిపంతులుకైనా కలిగే అనుమానమూ ఒకటే కావటం గమనింపదగిన విషయం.

1954 జనవరి 7వ తేదీన న్యూయార్కులో జార్జిటౌన్ విశ్వవిద్యాలయమూ, ఐ.బి.ఎమ్. సంస్థా కలిసి ఒక ప్రదర్శన జరిపినవి. రష్యను భాష తెలియని ఒక ఉద్యోగిని రష్యను వాక్యాలను కార్డుల మీద గుచ్చి యంత్రానికి అందిస్తే, ఇంగ్లీషు వాక్యాలు అచ్చయి వచ్చినవి. మరునాటి పత్రికలు దీనిని ఎంతో గొప్పగా ప్రకటించినవి. మూడేళ్లలోనో ఐదేళ్లలోనో ముఖ్యమైన రంగాలలో యాంత్రికానువాదం సిద్ధించవచ్చునని ప్రయోగానికి నాయకుడైన లియోన్ దోస్తెర్ ఆశ కల్పించాడు. యంత్రం ఎరిగిన పదాలు 250. వ్యాకరణ సూత్రాలు 6. ప్రదర్శించిన వాక్యాలు అరవై పైచిలుకు, అవికూడా ముందుగా జాగ్రత్తగా ఏరి పెట్టుకున్నవి. ఇందులో అబద్ధమేమీ లేదు. యంత్రం ఆ వాక్యాలను నిజంగానే అనువదించింది. కాని చూపినది ఒకటి, చూచినవారు నమ్మినది మరొకటి. ఏరిన వాక్యాలను అనువదించటానికీ, ఎదురైన వాక్యాన్ని అనువదించటానికీ మధ్య ఉన్న దూరాన్ని పత్రికలు కొలవలేదు.

ఆ దూరాన్ని కొలిచినవాడు ఆ రంగంలోనే పనిచేసిన బార్-హిలెల్. 1960లో ఆయన ఒక చిన్న వాక్యాన్ని ఉదాహరించాడు: పెట్టె ‘పెన్’లో ఉన్నది. ఇంగ్లీషులో ‘పెన్’ అంటే కలమూ అవుతుంది, పసిపిల్లలు ఆడుకునే కంచెగట్టిన చోటూ అవుతుంది. ఆటబొమ్మల పెట్టె కలంలో పట్టదన్న సంగతి నిఘంటువులో ఉండదు, వ్యాకరణంలో ఉండదు, లోకజ్ఞానంలో ఉంటుంది. ఆ లోకజ్ఞానం యంత్రానికి లేదు గనుక, మానవ సహాయం లేకుండా ఉత్తమమైన అనువాదం అసాధ్యమని ఆయన తీర్మానించాడు. 1966లో అమెరికా ప్రభుత్వం కోసం జాన్ పియర్స్ అధ్యక్షతన పనిచేసిన సంఘం కూడా యాంత్రికానువాదం నెమ్మదిగా నడుస్తున్నదనీ, దానిలో తప్పులు ఎక్కువనీ, ఖర్చు మానవానువాదానికి రెట్టింపనీ తేల్చింది. దానితో ఆ దేశంలో ఈ పరిశోధనకు ద్రవ్యసహాయం చాలావరకు ఆగిపోయింది.

సామాన్యుని సందేహం నెగ్గిందని ఇక్కడ కథ ముగించటం సుళువు. కాని సందేహవాదులకూ వారి పుక్కిటి పురాణాలు ఉన్నవి. ఆత్మ సిద్ధంగా ఉన్నా దేహం దుర్బలమైనదనే అర్థంగల బైబిలు వాక్యాన్ని యంత్రం రష్యనులోకీ, తిరిగి ఇంగ్లీషులోకీ మార్చేసరికి, సారాయి బాగున్నది గాని మాంసం చెడిపోయినదని తేలిందట. ఈ కథను ఏడు దశాబ్దాలుగా సభలలో చెప్పుకొని నవ్వుకుంటున్నారు. యాంత్రికానువాద చరిత్రకారుడు జాన్ హచిన్స్ వెదకి చూస్తే, ఏ యంత్రమైనా ఆ మాట అన్నదనటానికి ఆధారం దొరకలేదు. ప్రకటన చేసేవానిని ఆధారం అడిగే మనం, ఆ ప్రకటనను ఎగతాళి చేసేవానిని మాత్రం ఏ ఆధారమూ అడగము. మనకు నచ్చిన మాట మీద మన సందేహం పనిచేయటం మానివేస్తుంది.

రెండవ లోపం ఇంతకంటె పెద్దది. సందేహవాదం తన పాత వాదాలను తిరిగి పరీక్షించుకోదు. 2016 తరువాత యాంత్రికానువాదం పద్ధతే మారిపోయింది. సూత్రాలను ఒక్కొక్కటిగా నేర్పటం కాక, కోట్లకొలది వాక్యాల జంటలనుండి యంత్రమే పోలికలను పట్టుకునే విధానం వచ్చింది. చుట్టుపక్కల మాటలను బట్టి ‘పెన్’ కలమా కంచెయా అని నిర్ణయించటం ఇప్పటి యంత్రాలకు 1960లో ఉన్నంత కష్టం కాదు. యంత్రానికి హృదయం లేదు కాబట్టి అనువదించలేదు అనే వాదాన్ని పట్టుకొని వేలాడేవారు, ఎదుట ఉన్న కాగితం మీద చదువదగిన తెలుగు వాక్యం కనిపించినప్పుడు నిరుత్తరులౌతారు. హృదయం ఉన్నదా లేదా అన్నది వేదాంత చర్చ. వాక్యం సరిగా ఉన్నదా లేదా అన్నది విమర్శ. మన పని రెండవది.

వాక్యం సరిగా ఉన్నదని ఎట్లా తేలుస్తున్నారు? 2002లో ఐ.బి.ఎమ్. పరిశోధకులు ‘బ్లూ’ అనే కొలతను కల్పించారు. యంత్రపు అనువాదంలోని పదాలూ, పదాల వరుసలూ మానవుడు చేసిన మాదిరి అనువాదంతో ఎంతవరకు కలుస్తున్నవో లెక్కించి ఒక అంకె ఇవ్వటం దీని మార్గం. అది చౌక, వేగవంతం. అందుచేత లోకమంతటా వ్యాపించింది. తెలుగుకు దీనిని అన్వయించి చూద్దాం. మాదిరి వాక్యం “ఆయన నిన్న మా ఊరికి వచ్చారు” అనుకుందాం. యంత్రం “నిన్న వారు మా గ్రామానికి విచ్చేశారు” అన్నదనుకుందాం. అర్థం ఒకటే. కాని కలిసిన పదాలు ‘నిన్న’, ‘మా’ అనే రెండే; పక్కపక్కన కలిసిన పదాల జంట ఒక్కటైనా లేదు. మరొక మాదిరి వాక్యం: “ఈ మందు భోజనానికి ముందు వేసుకోకూడదు.” యంత్రం “ఈ మందు భోజనానికి ముందు వేసుకోవచ్చు” అన్నదనుకుందాం. ఐదు పదాలలో నాలుగు వరుసగా కలిసినవి. అంకె హెచ్చుగానే వస్తుంది. రోగి సంగతి దేవుడెరుగు.

ఈ కొలతను కల్పించినవారు దానిని ఒక్కొక్క వాక్యానికి తీర్పుగా ఉద్దేశించలేదు. పెద్ద సంకలనం మీద సగటు చూడటానికి ఉద్దేశించారు. దాని లోపాలను మొదట ఎత్తి చూపినవారూ ఆ రంగంలోని పరిశోధకులే. విభక్తులూ ప్రత్యయాలూ పదానికి అంటుకొని ఉండే భాషలకు మేలుగా ఉంటుందని, పదాలకు బదులు అక్షరాల వరుసలను లెక్కించే మరొక కొలత 2015లో వచ్చింది. శాస్త్రం తనను తాను దిద్దుకుంటున్నది. ఐతే శాస్త్రజ్ఞుని పత్రంలో షరతులతో కూడిన అంకె, సంస్థల ప్రకటనలోకి వచ్చేసరికి షరతులు విడిచి, ‘ఇంత శాతం ఖచ్చితం’ అనే మాటగా మారుతున్నది. సామాన్యుని సందేహం గురిపెట్టవలసిన చోటు ఇదే.

2018 మార్చిలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు చీనా భాషనుండి ఇంగ్లీషులోకి వార్తలను అనువదించటంలో తమ యంత్రం మానవునితో సమానమైనదని ప్రకటించారు. తమ ఫలితం ఒక నిర్ణీత వార్తా సంకలనానికి మాత్రమే చెందినదని వారు చెప్పుకున్నారు. అదే సంవత్సరం రెండు పరిశోధక బృందాలు ఆ పరీక్షను తిరిగి పరిశీలించినవి. పరీక్షకు వాడిన చీనా వాక్యాలలో సగం మొదట ఇంగ్లీషులో పుట్టి చీనాలోకి అనువాదమైనవేననీ, చీనాలోనే పుట్టిన వాక్యాలను విడిగా చూస్తే ఆ సమానత కనబడదనీ ఒక బృందం చూపింది. పరీక్షకులకు విడివాక్యాలు కాక పూర్తి వార్త చూపితే వారు మానవుని అనువాదాన్నే మెచ్చుకుంటున్నారని రెండవ బృందం చూపింది.

ఈ రెండవ ఫలితం తెలుగు రచయితకు ఎంత ముఖ్యమో ఒక్క సర్వనామం చాలు చెప్పటానికి. ఇంగ్లీషులో ‘వుయ్’ అనే మాటకు మనకు రెండు మాటలున్నవి: మేము, మనము. ఒక కథలో రైతు తహసీల్దారు ఎదుట నిలబడి భూమి పోయిందని మొర పెట్టుకుంటాడు. అక్కడ “మా భూమి పోయిందండీ” అనాలి. “మన భూమి పోయింది” అంటే తహసీల్దారును కూడా నష్టపోయినవారిలో చేర్చినట్లవుతుంది. సాయంకాలం ఇంటికి వచ్చి ఆ రైతు తమ్మునితో అదే మాట అంటే, “మన భూమి పోయిందిరా” అనాలి. ‘మా’ అంటే తమ్ముణ్ణి వాటానుండి తొలగించినట్లే. ఇంగ్లీషు వాక్యం రెండుచోట్లా ఒకటే. తెలుగు వాక్యాన్ని నిర్ణయించేది వాక్యం కాదు, వినేవాడు. నువ్వు, మీరు, అతడు, ఆయన, బాబాయి, మామయ్య, పెదనాన్న: ఇవన్నీ ఇట్టివే. ఒక కథలో భార్య భర్తను ‘మీరు’ అనటం మాని ‘నువ్వు’ అన్న క్షణమే ఆ కథకు మలుపు కావచ్చును. విడివాక్యాల పరీక్షలో ఆ మలుపు కానరాదు. అట్టి పరీక్షలో యంత్రానికి నూటికి నూరు వచ్చినా, కథను అనువదించగలదో లేదో మనకు తెలిసినట్లు కాదు.

తగుపాటి మాట చెప్పిన ప్రయత్నాలూ మన దేశంలో లేకపోలేదు. కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆరంభమై, తరువాత హైదరాబాదులో కొనసాగిన ‘అనుసారక’ పాణినీయ మార్గాన్ని ఆశ్రయించి, తెలుగు మొదలైన భాషలనుండి హిందీలోకి పాఠాన్ని అందించేది. అది చక్కని హిందీ ఇస్తానని చెప్పలేదు. మూలంలో ఉన్న సమాచారాన్ని వదలకుండా, పాఠకుడు కొంత శ్రమపడితే అందుకోగల రూపంలో ఇస్తానన్నది. సుప్రీంకోర్టు 2019లో ‘సువాస్’ అనే అనువాద సాఫ్ట్‌వేరును ప్రవేశపెట్టి, తీర్పులను తెలుగుతో సహా పలు భాషలలో అందించసాగినప్పుడు, ఆ అనువాదం కక్షిదారు అవగాహన కోసమేననీ, ఇంగ్లీషు ప్రతియే ప్రమాణమనీ స్పష్టంచేసింది. ఇట్టి ప్రకటనను సందేహించవలసిన అవసరం తక్కువ. తన హద్దు తానే చెప్పింది గనుక.

ఇక మన కర్తవ్యమేమి? అనువాదాన్ని విమర్శించే సంప్రదాయం తెలుగులో లేకపోలేదు. రాచమల్లు రామచంద్రారెడ్డి ‘అనువాద సమస్యలు’ గ్రంథానికి 1988లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. మనిషి చేసిన అనువాదాన్ని వాక్యం వాక్యంగా నిలబెట్టి, ఇది తెలుగేనా అని అడిగే ఆ దృష్టినే యంత్రం చేసిన అనువాదం మీదికీ మళ్లించవలసి ఉన్నది. యంత్రానికి ప్రత్యేకమైన కాఠిన్యమూ అక్కరలేదు, ప్రత్యేకమైన దాక్షిణ్యమూ అక్కరలేదు.

అందుకు కావలసిన సామగ్రి మన చేతిలోనే ఉన్నది. వేలకొలది విడివాక్యాలు వద్దు. సంభాషణ ఉన్నవి, మర్యాద మారేవి, మాండలికం పలికేవి, హాస్యం మాటవిరుపులో ఉన్నవి ఐన వంద ఘట్టాలను, ఒక్కొక్కటి రెండు మూడు పుటలు మించకుండా, అనుభవజ్ఞులైన అనువాదకులు కూర్చి పెడితే చాలును. రాయలసీమ, తెలంగాణ, ఉత్తరాంధ్ర పలుకుబడులు మూడూ అందులో ఉండాలి. లేకపోతే ఒక ప్రాంతపు తెలుగే తెలుగుగా యంత్రం స్థిరపరుస్తుంది. కొత్త సాఫ్ట్‌వేరు ఏది వచ్చినా ఆ ఘట్టాలను దాని ముందు పెట్టి, ఎక్కడ నెగ్గింది, ఎక్కడ తప్పింది, ఆ తప్పును దిద్దటానికి అనువాదకునికి ఎంతసేపు పట్టింది అనే సంగతులను పత్రికాముఖంగా ప్రకటించాలి. ఈ మూడవ లెక్క అన్నిటికంటె అవసరం. దిద్దటానికి కొత్తగా వ్రాసినంత శ్రమ పట్టే ప్రతికి సగం కూలి ఇవ్వటం న్యాయం కాదని చెప్పటానికి అప్పుడే మనకు ఆధారం దొరుకుతుంది. ఒకవేళ శ్రమ నిజంగా తగ్గినదని తేలితే, దానిని ఒప్పుకోవటానికీ మనం సిద్ధపడాలి.

నిజం నిలకడ మీద తెలుస్తుంది అని మరొక సామెత. కాని ఎవరూ నిలకడగా చూడకపోతే అది తనంతట తాను తెలియదు. తెలుగు బాగున్నదో లేదో తెలుగు చదివేవారు చెప్పకపోతే, అంకెలు చదివేవారు చెబుతారు.