ఉతికితే పోయే గీత: చికన్‌కారీ పనిని అంచనా వేయడం

కుట్టుపని మీద మన పాఠ్యగ్రంథాల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు కుట్ల పేర్లతో మొదలై కుట్ల పేర్లతోనే ముగుస్తాయి. నమూనాను గుడ్డ మీదికి దించే పనికి ఒకటి రెండు వాక్యాలు దక్కితే ఎక్కువ. కార్బన్ కాగితం, ట్రేసింగ్ కాగితం అని సాధనాల పేర్లు చెప్పి ముందుకు సాగిపోతాయి. ఇది చిన్న లోపం కాదు. గీత ఎంతవరకు దారి చూపిందో, కుట్టిన చేయి ఎక్కడ సొంతంగా నిర్ణయించుకుందో తెలియకపోతే ఆ పనికి విలువ కట్టలేం.

లక్నో చికన్‌కారీని తీసుకుందాం. అక్కడ నమూనాను చెక్క అచ్చులతో, ఉతికితే పోయే నీలిరంగుతో గుడ్డ మీద అద్దుతారు. కుట్టు పూర్తయ్యాక ఉతికితే నీలం పోయి దారం మిగులుతుంది. పెడన కలంకారీని ఎరిగిన విద్యార్థులకు తేడా వెంటనే తెలుస్తుంది. పెడనలో అచ్చు వేసిన రూపం వస్త్రం మీద నిలిచిపోవాలి. లక్నోలో అది పూర్తిగా పోవాలి.

అచ్చు ఆకు అంచును చూపగలదు. ఆ ఆకును వెనకవైపు నుంచి బఖియా కుట్టుతో నింపి, ముందువైపు నీడలా కనిపించేటట్లు చేసేది సూదే. ముర్రీ బియ్యపు గింజలా, ఫందా గుండ్రటి చిన్న గింజలా ఉబ్బి ఉండాలి; అచ్చులో అవి చిన్న గుర్తులు మాత్రమే. జాలీ పనిలోనైతే గుడ్డ పోగుల్ని తెంపకుండా సూదితో పక్కకు జరిపి రంధ్రాలు తేవాలి. ఏ పోగును ఎంత జరపాలో ఏ అచ్చూ చెప్పదు.

అయినా, గీసిన గీత మీద కుట్టడం అనుకరణేననీ, కర్ణాటక కసూతిలా పోగులు లెక్కపెట్టి కుట్టేదే అసలైన సృజన అనీ ఒక వాదన వినిపిస్తుంటుంది. ఈ వాదన నిలవదు. కసూతికి గీత లేదనడం సగం నిజమే; నిలువు అడ్డ పోగుల అల్లికే అక్కడ గళ్ళ కాగితంగా పనిచేస్తుంది. వంపు తిరిగే తీగకు అలాంటి ఆసరా చాలదు, గీత కావాలి. మన ఊళ్ళలో మగ్గం వర్క్ చేసేవారు కూడా ట్రేసింగ్ కాగితం మీది బొమ్మ వెంబడి సూదితో రంధ్రాలు పొడిచి, కిరసనాయిల్లో కలిపిన పొడిని రుద్ది చుక్కలు దించుతారు. రంధ్రాలు ఎడమైతే వంపు విరిగిపోతుంది. అది దించినవారి లోపమే కాని కుట్టినవారిది కాదు.

పై వాదన వల్ల నష్టపోయేది ఎవరు? చికన్ కుట్టేవారిలో ఎక్కువమంది ఇంటి దగ్గర కూర్చుని పనిచేసే స్త్రీలు. గీతను నింపడమే వాళ్ళ పని అనేస్తే, తక్కువ కూలీకి అదే సమర్థన అయిపోతుంది.

గీత పోయాక ఈ నైపుణ్యాన్ని గుర్తించేదెలా? ఒకే అచ్చు పడిన రెండు పువ్వుల్ని పక్కపక్కన పెట్టి చూడండి. అచ్చు ఇచ్చిన అంచు రెంటికీ ఒకటే. ఒకదాని రేక నిండుగా లేచి, రెండోదాని రేక చదునుగా ఉంటే ఆ తేడా చేతిది. తర్వాత గుడ్డను తిరగేసి, బఖియా దారాలు ఎంత దగ్గరగా ఒకదాన్నొకటి దాటాయో గమనించండి.