వంశమా, తిండా? - జోలా నవలామాల మీద ఒక పరిశీలన

ఎమిలీ జోలా 'రూగాన్-మకార్' నవలామాలలో ఇరవై నవలలున్నాయి. 1871లో మొదలై 1893లో ముగిసింది. రెండవ ఫ్రెంచి సామ్రాజ్య కాలంలో ఒక కుటుంబపు ప్రాకృతిక, సామాజిక చరిత్ర రాస్తున్నానని రచయితే ప్రకటించుకున్నాడు. అంటే ఇందులో రెండు చరిత్రలున్నాయి. మొదటిది రక్తానిది: మూలపురుషురాలు అదెలాయిద్ నరాల జబ్బు, మకార్ తాగుడు మనుమలకూ మునిమనుమలకూ పాకుతాయి. రెండవది సమాజానిది.

అభ్యుదయ విమర్శ సాధారణంగా మొదటి చరిత్రను చూసి జోలాను పక్కన పెట్టింది. 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన లేఖలో ఎంగెల్స్ బాల్జాక్‌ను జోలాకన్నా ఎంతో పెద్ద వాస్తవికవాది అన్నాడు. 1936 నాటి వ్యాసంలో లూకాచ్ జోలాను జీవితంలో పాల్గొనని పరిశీలకుడిగా చూశాడు. ఈ అభియోగాల్లో నిజం ఉంది. కాని రచయిత సిద్ధాంతమూ, రచన ఇచ్చే సాక్ష్యమూ ఎప్పుడూ ఒకటి కావు. బాల్జాక్ విషయంలో మనం ఒప్పుకున్న ఈ సూత్రాన్ని జోలాకు ఎందుకు వర్తింపజేయకూడదు? వంశవృక్షాన్ని కాసేపు పక్కన పెట్టి, ఈ నవలల్లో ఎవరు ఏం తింటున్నారో చూస్తే మరో చరిత్ర బయటపడుతుంది.

'లసొమ్వార్' (1877) కథానాయిక జెర్వేజ్ పుట్టుకతోనే కుంటిది. వారసత్వమే దీనికి కారణమని మొదటి నవల చెబుతుంది. కాని అదే నవలలో, ఆ పాలిపోయిన బలహీనపు పిల్లకు తల్లి సోంపు సారా పట్టించిందనీ, దానితో పిల్ల ఇంకా ఎండిపోయిందనీ కూడా జోలాయే రాశాడు. ఆమె భర్త కూపో మకార్ వంశంవాడు కాదు. అతని తండ్రి కూడా తాగేవాడని రచయిత చెప్పక మానడు. అయినా కూపో తాగుడు మొదలైంది కప్పు మీది నుంచి పడి కాలు విరిగి, పని లేక నెలల తరబడి కూర్చున్న తరువాతే. ఆ వైద్యానికి ఇంట్లో కూడబెట్టిందంతా ఖర్చయింది. నవల నడుమ బాతు మాంసంతో బ్రహ్మాండమైన విందు. చివర మెట్ల కింది గూటిలో జెర్వేజ్ ఆకలి చావు. ఈ రెంటి మధ్య దూరాన్ని రక్తం వివరించలేదు.

'జెర్మినల్' (1885)లో సాక్ష్యం మరింత స్పష్టం. మాయూ కుటుంబానికి కాఫీ అంటే నిన్నటి గసి మీద పోసిన వేడినీళ్ళు. పదిహేనేళ్ళ కాథరీన్ గనిలో బండి తోస్తుంది. ఇంకా పుష్పవతి కాలేదు. పిల్లలను వెంటబెట్టుకుని గ్రెగ్వార్ దంపతుల ఇంటికి అప్పుకు వెళ్ళిన తల్లికి డబ్బు దొరకదు. పాత బట్టలూ, తీపి రొట్టె ముక్కలూ దొరుకుతాయి. సమ్మె కాలంలో గూని పిల్ల అల్జీర్ చనిపోతుంది. చూడవచ్చిన వైద్యుడు జబ్బుకు పేరు పెట్టడు. ఆకలితో చచ్చిందంటాడు, మిమ్మల్ని నయం చేసేది మాంసమే, నేను కాదు అని విసుక్కుంటాడు. వంశపారంపర్యాన్ని గురించి జోలా చేసిన చర్చలన్నిటికన్నా ఆ విసుగులో ఎక్కువ శాస్త్రం ఉంది.

లోపం లేదని కాదు. నీళ్ళు నిండిన గనిలో ఎతియెన్ చావల్‌ను చంపినప్పుడు, జోలా నేరాన్ని మకార్ రక్తానికి అంటగట్టాడు. కాని అక్కడ చావల్ దగ్గర రొట్టె ఉంది. ఆ రొట్టె చూపించే అతడు కాథరీన్‌ను తనవైపు లాగాడు. రొట్టెను కళ్ళముందు పెట్టి, రక్తాన్ని ముద్దాయిని చేశాడు రచయిత. వాస్తవికతా, సహజవాదమూ విడిపోయే చోటు సరిగ్గా ఇదే.

ఈ పొరపాటు నవలలకే పరిమితం కాలేదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల పేదలను పీడించిన పెల్లాగ్రాకు వంశమే మూలమని 1916లో డావెన్‌పోర్ట్ వాదించాడు. అంతకు ఏడాది ముందే గోల్డ్‌బెర్గర్ మిసిసిపీ జైలులో ఖైదీల తిండి మార్చి, ఆ రోగాన్ని తెప్పించి చూపించాడు. జొన్నే ప్రధాన ఆహారమైన మన దక్కను పేదల్లో కూడా ఈ రోగముందని 1960లో హైదరాబాదు నుంచే గోపాలన్, శ్రీకాంతియా వెల్లడించారు. 1944-45 చలికాలపు కరువులో డచ్చి తల్లుల గర్భంలో ఉన్న శిశువులు పెద్దయ్యాక చక్కెరను సరిగా వినియోగించుకోలేకపోయారని తరువాతి పరిశోధనలు తేల్చాయి. వంశ లక్షణాలే లేవని దీని అర్థం కాదు. కాని తరం నుంచి తరానికి వచ్చేది రక్తం ఒక్కటే కాదు. ఆకలి కూడా వారసత్వంగా వస్తుంది. జోలా కన్ను దీన్ని చూసింది. ఆయన సిద్ధాంతం దీనికి తప్పు పేరు పెట్టింది.

మనకు ఇది పరాయి సంగతి కాదు. బస్తీలో మధుమేహం వస్తే "వాళ్ళ వంశంలోనే ఉంది" అంటాం. కూలివాడి కాలేయం చెడితే "వాడి తాగుడు" అంటాం. మన కథల్లో కూడా పేదవాడి జబ్బు చాలాసార్లు కథను ముగించడానికి పనికొచ్చే దగ్గుగానే మిగిలిపోతుంది. ఆ ఇంట్లో ఏ పూట పొయ్యి వెలిగింది, ఉన్న కూర ఎవరి కంచంలో పడింది, గర్భిణి చివర తిన్నదేమిటి అన్నవి రాకపోతే ఆ జబ్బుకు కారణం పాఠకుడికి తెలియదు.

చివరి నవల 'డాక్టర్ పాస్కల్'లో, వైద్యుడు జీవితమంతా రాసుకున్న వంశ చరిత్ర కాగితాలను అతని మరణానంతరం తల్లే తగలబెడుతుంది. నవలామాల ముగిసేది తల్లి పాలు తాగుతున్న పసిబిడ్డతో. ఇరవై నవలలు చదవబోయే విద్యార్థులు ఆ చివరి దృశ్యాన్ని గుర్తుంచుకుని మొదటి నవల తెరవాలని నా సూచన.