ఓడే జట్టుకు చుట్టం

ఫుట్‌బాల్ సినిమా మీద రాస్తున్నానంటే మా వారు పేపరు దించి నా వంక చూశారు. "ముందు ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో చెప్పు" అన్నారు. చెప్పలేకపోయాను. అయితే ఏం? పప్పులో ఉప్పెక్కువైందని చెప్పడానికి ఈయనగారికి ఎప్పుడైనా వంట రావాల్సి వచ్చిందా?

సినిమా పేరు 'మైదాన్'. 2024 ఏప్రిల్‌లో విడుదలైంది. మీలో చాలామంది నాలాగే తర్వాత ఇంట్లో టీవీలో చూసి ఉంటారు. హైదరాబాదు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ కథ అది. రహీమ్‌గా అజయ్ దేవ్‌గణ్, ఆయన భార్య సైరాగా మన ప్రియమణి, సంగీతం రెహమాన్, దర్శకుడు అమిత్ రవీందర్‌నాథ్ శర్మ. నిడివి మూడు గంటలు. "మూడు గంటలా! రాత్రి వంట ఎవరు చేస్తారు?" అని గొణుక్కుంటూ కూర్చున్నదాన్ని, చివరి గంటలో జకార్తా ఆటలు మొదలయ్యాక పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేవలేదు. 1962 ఆసియా క్రీడల ఫైనల్. ఎదుట దక్షిణ కొరియా. మొదటి ఆటలో 2-0తో మనల్ని ఓడించిన జట్టే అది. స్టేడియం నిండా మనవాళ్లను ఈసడించే జనం. అంతమందిలో మనవాళ్లు పదకొండుగురు 2-1తో గెలుస్తారు. గెలుస్తారని తెలుసు. చరిత్ర పుస్తకంలో ఉన్న సంగతే. అయినా చేతిలో చెంగు నలిగిపోయింది. అంతవరకూ దర్శకుడికి నూటికి నూరు మార్కులూ వెయ్యొచ్చు.

పక్కన మా అక్క కొడుకు కూర్చున్నాడు. వాడు కళ్లు తుడుచుకోలేదు, చప్పట్లు కొట్టలేదు. అంతా అయ్యాక "సినిమా మంచిగనే ఉంది చిన్నమ్మా, గని మన క్లబ్బు ఏది?" అన్నాడు.

ఆ ప్రశ్నే నన్ను ఈ వ్యాసం రాయించింది.

రహీమ్ సాబ్ దేశానికి కోచ్ కాకముందు బడిపంతులు. దేశానికి కోచ్‌గా ఉంటూనే 1950 నుంచి 1963లో పోయేదాకా హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకూ ఆయనే కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. కలకత్తా మహా క్లబ్బులను ఓడించి డ్యూరాండ్ కప్పు కూడా ఇంటికి తెచ్చింది. ఇదంతా ఎవరనుకున్నారు? పోలీసు ఉద్యోగులు! ఇంత కథ ఉన్న ఆ జట్టుకు మూడు గంటల సినిమాలో తనదంటూ కథ లేదు. రహీమ్ సాబ్ ఆటగాళ్లను ఊరూరా వెతుక్కుంటూ పోవడం చూపించారు, ఢిల్లీ, కలకత్తా పెద్దలతో పేచీలు చూపించారు. రోజూ పొద్దున్నే విజిలేసి పరుగులు తీయించిన సొంతింటి జట్టు మాత్రం ఎక్కడో గోడ వెనక ఉండిపోయింది.

"అన్నీ ఒక్క సినిమాలో ఇరికించమంటావా?" అన్నారు మా వారు. నేను అన్నీ అడగలేదండీ, ఒక్క సీను అడిగాను. మెడలో బంగారం వేసుకొచ్చిన వాళ్ల ఊరేగింపులు అయిపోయాక, కోచ్ మళ్లీ తన పోలీసు జట్టు దగ్గరికి వెళ్లి నిలబడిన సీను. బ్యాండు మేళం ఉండదు, రెహమాన్ పాట ఉండదు, దుమ్ము లేస్తూ ఉంటుంది. అంతే.

పోలీసు జట్టు గెలుపులను వదిలేసినందుకు కాదు నా బాధ. ఆ తర్వాతి కథను ఎవరూ సినిమా తీయరన్నది నా బాధ. రాష్ట్రం మారాక అది ఆంధ్రా పోలీసు జట్టయింది. 1961లో ఇంకో డ్యూరాండ్ గెలిచింది. రెండేళ్లకు రహీమ్ సాబ్ పోయారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచాక ఆ కప్పు మళ్లీ మనవైపు తిరిగి చూడలేదు. మంచి ఆటగాళ్లు పుట్టకపోలేదు. అమ్ముగూడ బలరామ్ 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు పోయాడు. తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ పేరు తెచ్చుకున్నదీ కలకత్తాలోనే. పెళ్లిళ్లయి వెళ్లిపోయిన ఆడపిల్లల్లా వాళ్లు అక్కడ వెలిగారు, పుట్టింట్లో దీపం చిన్నదైంది. ఇంత దిగజారిన జట్టు ఆట చూడ్డానికి అప్పుడూ కొందరు వెళ్లే ఉంటారు గదా! మా వాడి దిగులు వాళ్ల గురించే. ఎందుకంటే వాడూ ఆ జాతే.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అని ఒక క్లబ్బు వచ్చింది. వచ్చిందంటే, పుణెలో మూతపడ్డ క్లబ్బు స్థానంలో ఇక్కడ తెరిచారు. మొదటేడు 18 ఆటల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. నారాయణఖేడ్‌లో మొబైల్ రిపేరు కొట్టు పెట్టుకున్న మావాడికి ఆ ఏడే దాని పిచ్చి పట్టింది. పసుపుపచ్చ చొక్కా కొన్నాడు. ఆ తర్వాత రెండేళ్లూ కరోనా మూలంగా పోటీలన్నీ గోవాలోనే జరిగాయి. 2022 మార్చి 20న అదే గోవాలో పెనాల్టీల మీద కేరళ జట్టును ఓడించి మనవాళ్లు ఛాంపియన్లయ్యారు. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ రాత్రి మావాడు బజారంతా మిఠాయి పంచాడు, సగం మందికి ఎందుకో అర్థం కాకపోయినా తిన్నారు.

ఇక్కడో చిత్రం చూశారా! కప్పు గెలిచిన ఏడు మన గచ్చిబౌలి స్టేడియంలో ఒక్క ఆటా జరగలేదు. జట్టు దిగజారిన ఏళ్లు మాత్రం తనివితీరా మన కళ్లముందే జరిగాయి. 2023-24లో జీతాలు అందక ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. కొత్తవాళ్లను చేర్చుకోకుండా అంతర్జాతీయ సమాఖ్య నిషేధం పెట్టింది. మిగిలిన కుర్రాళ్లతోనే ఆడారు. 22 ఆటల్లో 16 ఓటములు, 5 డ్రాలు, ఒక్క గెలుపు. ఆ ఒక్కటీ చెన్నైలో!

ఆ సీజన్లోనే ఒకసారి నన్నూ తీసుకెళ్లాడు. జోగిపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు మీదుగా బస్సులో నడుం పడిపోయింది. స్టేడియంలో ఎటు చూసినా ఖాళీ కుర్చీలు. ఒక మూల మాత్రం ఇరవై ముప్ఫై మంది డప్పు కొడుతూ పాడుతున్నారు. వాళ్లలో చంటిపిల్లను భుజాన వేసుకున్న అమ్మాయి ఒకతి ఉంది. పిల్ల నిద్రపోతోంది, ఈవిడ గొంతు చించుకుంటోంది. నేను తెచ్చిన పులిహోర వాళ్లందరికీ పెట్టాను. ఇంకో పావుగంట ఆట ఉందనగా రెండు గోల్స్ వెనకబడి ఉన్నాం. లాస్టు బస్సు పోతుందని నా గుండె దడదడ. "లేవరా, ఇంక గెలిచేదేముంది!" అన్నాను.

వాడు కదల్లేదు. "వాళ్లింక గ్రౌండ్లనే ఉన్నరు గద చిన్నమ్మా. మనమెట్ల పోతం?"

పోలేదు. విజిల్ పడ్డాక ఆ పిల్లలు తలలు వంచుకుని మేమున్న మూలకి నడిచి వచ్చారు. చప్పట్లు కొట్టాం. వాళ్లూ కొట్టారు. ఒకడికి మా చిన్నాడి వయసుంటుంది, చెమటో కన్నీళ్లో తెలియలేదు. బస్సు పోయింది. ఆ రాత్రి లింగంపల్లిలో మా ఆడపడుచు ఇంట్లో చాప మీద పడుకుని, ఆవిడ చేత నాలుగు మాటలు పడ్డాం.

ఆ మూల చూసొచ్చిన కళ్లతో సినిమా చూశాను గనక నాకు ఒక వెలితి తెలిసింది. 'మైదాన్'లో జనం ఎలా ఉన్నారో గుర్తు తెచ్చుకోండి. జకార్తాలో లక్షమంది శత్రువులు. ఆటగాళ్లు దాటాల్సిన ఒక గోడ. దేశం ఆట కాబట్టి అది చెల్లింది. దేశం పుట్టుకతోనే వస్తుంది, దాన్ని అభిమానించడానికి మనం పడే శ్రమేం లేదు. క్లబ్బు అలా కాదు. అది మనం కోరి కలుపుకున్న చుట్టరికం. వారం వారం బస్సెక్కి నిలబెట్టుకోవాలి. కలిగినప్పుడు వచ్చే చుట్టాలకు లోటుండదు, ఓడినప్పుడు ఇంటికొచ్చే చుట్టం ఎవరన్నదే కథ. ఈ సినిమా ఆ చుట్టాన్ని తెరమీదికి పిలవలేదు.

ఒక్కరిని పిలిచింది అనుకోండి. సైరాని. మాట పడి, జబ్బుపడి ఇంట్లో కూలబడ్డ మనిషిని మళ్లీ మైదానానికి పంపేది ఆవిడే. ప్రియమణి ఎక్కువ మాట్లాడకుండా కళ్లతోనే చేసింది, నాకు దేవ్‌గణ్ సిగరెట్ల కంటే ఆ కళ్లే గుర్తున్నాయి. కానీ నాకో పేచీ ఉంది. ఓడిన మొగుడి పక్కన నిలబడితే దాన్ని మనవాళ్లు ఇల్లాలి గుణం అంటారు, సినిమాల్లో పాట పెడతారు. అదే పని ఒక కుర్రాడు ఓడిన జట్టుకు చేస్తే పిచ్చి అంటారు, కొట్టు మూసుకుని తిరుగుతున్నాడని తిడతారు. మా అక్కా నేనూ తిట్టినవాళ్లమే. సైరా ఎందుకు అలా నిలబడిందో ఒక్క మాట ఆవిడ చేత చెప్పించి ఉంటే, మావాడి సంగతీ మాకు కొంత తెలిసేది. దర్శకుడు అడగలేదు. ఆవిడకది సహజం అనుకుని వదిలేశాడు.

ఇంకో చిన్న ఫిర్యాదు. మా నారాయణఖేడ్ సంతలో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ ఒకే బేరంలో వినపడతాయి. అందుకని దక్కనీ మాట మా చెవికి ఇంటిమాట. రహీమ్ సాబ్ నోట ఆ యాస నాకు అంతగా వినపడలేదు. హైదరాబాదు పెద్దమనిషి బొంబాయి హిందీలో మాట్లాడుతుంటే పెళ్లిచూపుల్లో అరువు చీర కట్టినట్టుంది. రహీమ్ పాత్రను ఎంత గంభీరంగా నిలబెట్టినా ఆ ఒక్కటీ గుచ్చుకుంది. అన్నట్టు, ఇంత కష్టపడి తీసిన సినిమా వసూళ్లలో దెబ్బతిన్నది. పోనీలెండి, దానికీ నాలాంటి చుట్టాలు కొందరున్నారు.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. 2025లో క్లబ్బే ఊరు వదిలి వెళ్లిపోయింది. పేరు మార్చుకుని ఢిల్లీలో స్పోర్టింగ్ క్లబ్ అయింది. పుణె నించి వచ్చింది, ఢిల్లీ పోయింది. మధ్యలో ఆరేళ్లు మనింట్లో అద్దెకున్నట్టు! ఓడిన జట్టును మోయొచ్చు, ఖాళీ చేసి వెళ్లిపోయిన జట్టును ఏం చెయ్యాలి?

"ఆ ఆటగాళ్లే గదరా, ఢిల్లీలో ఆడినా చూడు" అన్నాను నేను.

"నేను చూసింది హైదరాబాదును చిన్నమ్మా" అన్నాడు వాడు.

ఇక్కడ మాకిద్దరికీ గొడవ. నా వాదన ఏమంటే, 1956 దాకా మా నారాయణఖేడ్ బీదర్ జిల్లాలో ఉండేది. తర్వాత మెదక్ అయింది, 2016 నుంచి సంగారెడ్డి. మా ఊరు ఉన్నచోటనే ఉంది, చిరునామా మారిపోయింది. మనుషులు అలాగే అంటిపెట్టుకుని ఉన్నారు. క్లబ్బుకు చిరునామా మారితే మాత్రం మనసెందుకు మారాలి? వాడు నా మాట మొత్తం విని, "మన ఊరు యాడికీ పోలే. పోయింది కాయితం. క్లబ్బుకు కాయితం తప్ప ఇంకేముంది మరి, మేం గాక?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అప్పటికి మాత్రం "టీ తాగుతావా?" అన్నాను.

ఆ మధ్య వాడి మనసు రెండో మెట్టులో ఆడే శ్రీనిధి దక్కన్ మీదికి మళ్లింది. అజీజ్‌నగర్ దగ్గర వాళ్ల మైదానం. ఐ-లీగ్‌లో 2022-23లోనూ, 2023-24లోనూ రెండో స్థానం. పైమెట్టు ఎక్కేది మొదటివాళ్లే గనక రెండుసార్లూ గడప దగ్గరే ఆగిపోయారు. వెతికి వెతికి ఇలాంటివాళ్లనే పట్టుకుంటావేంరా అన్నాను. నవ్వాడు.

పసుపుపచ్చ చొక్కా మాత్రం పారెయ్యలేదు. మొన్న మా దండెం మీదే ఆరుతోంది, వీపు మీద అచ్చు సగం రాలిపోయింది. అజీజ్‌నగర్‌లో ఆట ఎప్పుడుంటే అప్పుడు నన్నూ తీసుకెళ్తాడట. లాస్టు బస్సు ఎన్నింటికో ముందే కనుక్కోమన్నాను.