మాంచెస్టరు కథలలో పత్తి రైతు

ఆంగ్లదేశమునకు పోయివచ్చిన మనవారు వ్రాయు యాత్రావ్యాసములలో మాంచెస్టరు నగరమునకు సాధారణముగా రెండు రూపములే కానవచ్చును. కొందరికది యంత్రవిద్యకు పుట్టినిల్లు. కొందరికది మన మగ్గములను మూలకు త్రోసిన శత్రువు. మొదటివారు అచ్చటి మిల్లుల యెత్తును, 1830లో లివర్‌పూలునుండి ఆ నగరమునకు నడచిన రైలును వర్ణించి ముగింతురు. రెండవవారు శపించి తృప్తి పొందుదురు. ఇరువురి మాటలలోను సత్యము లేకపోలేదు. కాని ప్రశంసయు శాపమును విమర్శ కానేరవు. ఒక నగరము తన చరిత్ర చెప్పుకొనునపుడు ఎవరి శ్రమను లెక్కలోనికి తెచ్చినది, ఎవరిని విడిచినది యని యడుగుట విమర్శ. ఆదోని పత్తి అమ్మెడి యూరు. ఎమ్మిగనూరు బట్ట నేసెడి యూరు. మాంచెస్టరు ఇట్టి యూళ్ల పత్తిని కోరి, ఇట్టి యూళ్ల బట్టకు పోటీయై వచ్చిన నగరము. కావున ఈ ప్రశ్న మనము అడుగదగినది.

ఆ నగరమును గూర్చి వ్రాసినవారిలో ఇరువురు ముఖ్యులు. ఫ్రెడరిక్ ఎంగెల్సు 1842లో, తన తండ్రికి భాగమున్న నూలుమిల్లు కార్యాలయమున పనిచేయుటకై జర్మనీనుండి వచ్చి, కార్మికుల పేటలన్నియు తిరిగి చూచి, 1845లో ఇంగ్లండు శ్రామికుల స్థితిని గూర్చిన గ్రంథమును ప్రకటించెను. పెద్దవీథుల పొడుగునను అంగళ్లు వరుసగా నుండుటచే, ధనికుడు తన యింటినుండి వ్యాపారస్థలమునకు పోవుచు పేదల కొంపలను కంట చూడకయే పోగలడని ఆయన గుర్తించెను. నగరనిర్మాణమే దారిద్ర్యమునకు తెర యగుటను ఇంత స్పష్టముగా చెప్పినవారు అరుదు.

ఎలిజబెత్ గాస్కెల్ మాంచెస్టరులో ఒక మతబోధకుని ఇల్లాలు. ‘మేరీ బార్టన్’ (1848), ‘నార్త్ అండ్ సౌత్’ (1855) అను ఆమె నవలలు ఆ కొంపలలోనికే మనలను తీసికొనిపోవును. నేలమాళిగలో జ్వరముతో పడియున్న డావెన్‌పోర్టు కుటుంబమునకై జాన్ బార్టన్ తన కోటు తాకట్టు పెట్టి ఆహారము తెచ్చు ఘట్టమున ఉపన్యాసము లేదు, కన్నీటి వర్ణన లేదు. పేదవాడు పేదవానికి ఎట్లు సాయపడునో అంతయు పనిలోనే కనబడును. గృహిణి చూపు గల రచయిత్రికే ఇది సాధ్యము.

అయినను ఈ ఇరువురి కథయు పత్తి మిల్లు గడప దాటిన పిమ్మటనే ఆరంభమగుచున్నది. 1841లో 52 కోట్ల 80 లక్షల పౌనుల పత్తి ఇంగ్లండునకు దిగుమతి యైనదని ఎంగెల్సు లెక్క చెప్పును. దానిని పండించిన చేతుల స్థితిని మాత్రము విచారింపడు. ‘నార్త్ అండ్ సౌత్’లో యజమానియైన థార్న్‌టన్‌కును, కార్మికుడైన హిగ్గిన్స్‌కును సఖ్యము కుదురును, యజమాని కార్మికులకు భోజనశాల యేర్పరచును, మార్గరెట్ వారసత్వధనము మిల్లును నిలుపును.

నవలలో లోకమంతయు ఇముడునా యని చదువరు లడుగవచ్చును. ఇమడనక్కరలేదు. కాని ఇచ్చటి లోపము పాత్రల సంఖ్యకు సంబంధించినది కాదు, తీర్పునకు సంబంధించినది. యజమాని, కార్మికుడు రాజీపడినచో తగవు తీరినట్లే యని కథ మనల నమ్మించుచున్నది. ఆ కాలమున లాంకషైరునకు వచ్చిన పత్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా అమెరికాలో బానిసలు పండించినది. ఆ మూడవ పక్షమును పిలువకయే పంచాయితీ ముగిసినది.

ఆ పక్షమును తలచుకొన్నవారు మాంచెస్టరు కార్మికులే. 1861లో అమెరికా అంతర్యుద్ధము వచ్చి పత్తి ఓడలు నిలిచిపోగా మిల్లులు మూతపడెను. లక్షలకొలది జనము ధర్మసహాయముపై బ్రతుకవలసి వచ్చెను. అట్టి కరవులో 1862 డిసెంబరు 31వ తేదీన ఫ్రీ ట్రేడ్ హాలులో శ్రామికులు సభచేసి, బానిసత్వ నిర్మూలనము జరుగవలసినదే యని లింకనుకు లేఖ పంపిరి. లాంకషైరు అంతయు ఏకాభిప్రాయముతో నుండెనని కాదు. కాని తమ పొట్ట కాలుచుండగా పరుల సంకెళ్లను తలచుట సామాన్యము కాదు. 1863 జనవరి 19న లింకను వ్రాసిన ప్రత్యుత్తరములోని మాటలు ఆ నగరమున ఆయన విగ్రహపు దిమ్మెపై నేటికిని చదువవచ్చును. మాంచెస్టరులోనే 1821లో పుట్టిన ‘గార్డియన్’ పత్రిక యజమానులు, తమ స్థాపకులకు బానిసల పత్తితో గల సంబంధమునకు క్షమాపణ చెప్పినది 2023లో!

ఆ కరవులో భారతదేశపు పత్తికి గిరాకి కలిగెను. కురచపోగుల మన పత్తిని అచ్చట ‘సూరత్’ అనుచుండిరి. దారము తెగి కూలి తగ్గుటచే మిల్లు పనివారు దానిని తిట్టుకొనిరి. తరువాత 1871 నాటికి మదరాసు, బొంబాయి రైలుమార్గములు రాయచూరున కలిసి, ఆదోని ఆ దారిలో చేరెను. మన నల్లరేగడి పత్తి ‘వెస్టర్న్స్’ అను పేర పరదేశపు బజారు కెక్కెను. పేరు పోయినది గాని, పండించినవాని ఊసు పోలేదు.

ఇక ఇదే కొలతను మన యూళ్లకును పెట్టవలెను. ఆదోనిని రెండవ బొంబాయి యని మురిసిపోవుదుము. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరు చేనేతవారి సహకార సంఘమును స్థాపించుట నిజముగా కొనియాడదగిన కార్యము. షావుకారు అప్పులలో చిక్కిన నేతగానికి అది నిలువ నీడ యిచ్చెను. కాని మన చరిత్రలలో మగ్గమునకు లెక్క యున్నది. ఆ మగ్గమునకు తెల్లవారుజామునుండి కండెలు చుట్టు ఇల్లాలికి లెక్క యేది? నేసినవాని కూలిలో ఆమె కూలి కలిసిపోవును. పేరు మాత్రము కలియదు. పత్తి మండీ ధర ప్రతిదినము పత్రికల కెక్కును. ఎండలో నడుము వంచి పత్తి తీసిన యాడుదాని దినకూలి ఎక్కదు.

వీరికంటెను దయనీయులు పిల్లలు. ఆదోని, కోసిగి ప్రాంతములనుండి కుటుంబములు సుగ్గికి, అనగా దూరపు జిల్లాలలో మిరప, పత్తి కోతలకు, తరలిపోవునపుడు బిడ్డలును బడి విడిచి వెంట పోవుదురు. ఆ నెలలలో హాజరుపట్టీ చూచు ఉపాధ్యాయునికి ఇది తెలియనిది కాదు. ఇంగ్లండులో 1833 నాటి చట్టము తొమ్మిదేండ్లలోపు పిల్లలను నూలుమిల్లులలో పెట్టరాదనియు, పదమూడేండ్లలోపు వారికి దినమునకు రెండు గంటలు చదువు చెప్పవలెననియు విధించెను. అది చాలకపోయినను, మాంచెస్టరు బిడ్డ లెక్కలోనికి వచ్చినాడు. మన చేలలోని బిడ్డకు చట్టము కలదు. బడిలో స్థానము కలదు. కావలసినది వాని తల్లిదండ్రులు ఊరిలోనే నిలువగలుగు కూలి, నిలువలేని నాడు బిడ్డ తిని పండుకొని చదువుకొనుటకు వసతి. గ్రామమున ఇట్టి వసతి లేనిచో అడిగి తెప్పించుట మనవంటి చదువుకొన్న కుటుంబముల బాధ్యత.

మాంచెస్టరు పోగలవారు తప్పక పోవలెను. పాత రైలుస్టేషనులోని వస్తుప్రదర్శనశాలను, లింకను విగ్రహమును చూడవలెను. వచ్చి వ్యాసము వ్రాయునపుడు మిల్లు ఎన్ని అంతస్తులని వ్రాయుటతో ఆగక, అందులోని పత్తి ఏ చేలనుండి, ఎవరి చేతులమీదుగా వచ్చినదో ఒక్క పుటయైనను వ్రాయవలెను. పోలేనివారు ఈ యేడు సుగ్గికి పోవు బండ్లలో తమ యూరి పిల్లలెందరు ఎక్కిరో లెక్క వ్రాసి పెట్టుకొన్నను, అదియు చరిత్రరచనయే యగును.